ఒక కర్ర, ఆరు గుడ్డలు: ఇంట్లో మాప్, డస్టర్ నేనెలా చేసుకున్నానంటే

రాత్రి లైట్లన్నీ ఆర్పేసి, టార్చిని నేల మీద పడుకోబెట్టి వెలిగించి చూడండి. పొద్దున్న శుభ్రంగా తుడిచామనుకున్న గచ్చు సంగతి అప్పుడు బయటపడుతుంది. నేను మొదటిసారి అలా చూసినప్పుడు మా హాల్లో మాప్ తిరిగిన దారంతా వంకర చారలు. గోడవార బూడిదరంగు గీత, అక్కడక్కడా అంటుకుపోయిన వెంట్రుకలు. రోజూ నడుం పడిపోయేలా నేను చేస్తున్న పనల్లా మురికిని నీళ్లలో కలిపి ఇల్లంతా సమానంగా పంచిపెట్టడమే అన్నమాట.

నాది కుట్టుపని. మా తమ్ముడు ఫిట్టర్. ఇద్దరం కలిసి ఏడాదిన్నరలో నాలుగు మాప్‌లు చేశాం. మూడు మూలన పడ్డాయి, నాలుగోది వాడుతున్నాను. ఆ మూడూ ఎందుకు పాడయ్యాయో చెబితేనే నాలుగోది అర్థమవుతుంది కాబట్టి వాటినీ కలిపే చెబుతాను.

ముందు గుడ్డ చూసుకోండి

కర్ర ఎంత బాగున్నా గుడ్డ మంచిది కాకపోతే అంతా దండగ. పాత నూలు చీర ముక్క, పాత తువ్వాలు నీళ్లు బాగానే పీలుస్తాయి కానీ సన్న దుమ్మును పట్టి ఉంచలేవు. మైక్రోఫైబర్ ఆ పని చేస్తుంది. 9,000 మీటర్ల పోగు 1 గ్రాము తూగితే దాన్ని 1 డెనియర్ అంటారు. మైక్రోఫైబర్ పోగు అంతకన్నా సన్నం, మందం 10 మైక్రాన్ల లోపే (మైక్రాన్ అంటే మిల్లీమీటరులో వెయ్యోవంతు). మన తలవెంట్రుక 50 నుంచి 100 మైక్రాన్లు ఉంటుంది. పాలిస్టర్, నైలాన్ కలిపి తీసిన పోగును తర్వాత నిలువునా చీలుస్తారు. ఆ చీలికల అంచుల్లోనే దుమ్ము, జిడ్డు, నీరు ఇరుక్కుంటాయి. లేబుల్ మీద 80/20 అని ఉంటే 80 శాతం పాలిస్టర్, 20 శాతం పాలీఅమైడ్, అంటే నైలాన్.

అయితే మైక్రోఫైబర్ పేరుతో చీల్చని పోగు గుడ్డలు కూడా ఉంటాయి. చూడటానికి మెత్తగా, ముద్దుగా ఉంటాయి. పట్టుకునే పరీక్షలు రెండున్నాయి. పొడి గుడ్డను అరచేతి మీద మెల్లగా లాగండి. చీల్చిన పోగైతే చర్మం గరుకుగా ఉన్న చోటల్లా చిన్నగా పట్టుకుంటుంది, ఒళ్లు జలదరించినట్టు ఉంటుంది. రెండోది, టైల్ మీద నాలుగు చుక్కల నీళ్లు వేసి గుడ్డను దాని మీదకి తోయండి. మంచి గుడ్డ నీటిని లోపలికి లాక్కుంటుంది, నాసిది ముందుకు నెట్టుకుంటూ పోతుంది. నా మొదటి మాప్ ఈ పరీక్ష చేయకుండా కొన్న గుడ్డతో కుట్టింది. మూడు గంటలు మిషన్ ముందు కూర్చుని కుట్టి, నీళ్లలో ముంచాక తెలిసింది అది నీళ్లను ఈడ్చుకుంటూ తిరుగుతుందే తప్ప తాగదని.

కీలు ఎంత ఎత్తులో ఉండాలి

అన్నిటికన్నా ఎక్కువ రోజులు మమ్మల్ని తిప్పలు పెట్టింది ఇదే. బయట దొరికే వాటిలో కూడా చాలామంది చూడని విషయం ఇదే.

మాప్ అడుగున గుడ్డ తొడిగే ప్లేటు మాది 40 సెంటీమీటర్ల పొడవు, 10 సెంటీమీటర్ల వెడల్పు, 2 మిల్లీమీటర్ల అల్యూమినియం రేకు. దాని నడుమ కర్రను కలిపే కీలు. రెండో మాప్‌లో తమ్ముడు ఆ కీలును దిట్టంగా ఉండాలని 7 సెంటీమీటర్ల ఎత్తులో పెట్టాడు. చూడటానికి బాగుంది. తుడవడం మొదలుపెట్టాక చేతికి ఏదో తేడా తెలుస్తోంది, ఏమిటో చెప్పలేకపోతున్నాను. గది అయ్యాక గుడ్డ తిప్పి చూశాను. ముందు అంచున రెండు వేళ్ల మందాన నల్లటి పట్టీ, వెనకాల మిగతా గుడ్డంతా కొత్తదానిలా తెల్లగా ఉంది. పది సెంటీమీటర్ల గుడ్డ మోసుకు తిరిగి, మూడు సెంటీమీటర్లతోనే తుడిచానన్నమాట.

"అక్కా, నువ్వు తోసేది పైన, గుడ్డ అడ్డుకునేది కింద. మధ్యలో ఎత్తుంటే బండి ముందుకు ఒరిగినట్టు ఒరుగుతుంది," అన్నాడు వాడు. "ఇది నాకు కుట్టకముందు చెప్పాల్సిందిరా," అన్నాను.

వాడు కాగితం మీద లెక్క వేసి చూపించిన సూత్రం ఇది. తడిగుడ్డకు, టైల్‌కు మధ్య రాపిడి మనం నొక్కే బలంలో సగం దాకా ఉంటుందనుకుంటే, కీలు ఎత్తు ప్లేటు వెడల్పులో మూడోవంతు దాటకూడదు. దాటితే వెనక అంచు లేచిపోతుంది. 10 సెంటీమీటర్ల ప్లేటుకు 3 సెంటీమీటర్లు. అంత కిందకి దించాక గుడ్డ ఈ చివర నుంచి ఆ చివర దాకా ఒకే రంగులో మాసింది. మాసిన గుడ్డను చూసి అంత సంబరపడటం నా జీవితంలో అదే మొదలు.

కీలు చేసే పద్ధతి చెబుతాను. పాత మాప్‌ది ఎత్తు తక్కువున్న కీలు ఉంటే ఊడదీసి వాడుకోండి, అదే సులువు. లేదంటే రేకును 'యు' ఆకారంలో వంచి ప్లేటు నడుమ రివెట్ చేయాలి. రివెట్ తల కింది వైపు పొడుచుకు రాకుండా గుంటలో దిగాలి. అందులోంచి 6 మిల్లీమీటర్ల స్టెయిన్‌లెస్ బోల్టు వెళ్లాలి. ఈ కింది బోల్టు ప్లేటు పొడవు వెంట ఉండాలి. మనం ముందుకీ వెనక్కీ తోసేటప్పుడు తిరిగేది ఇదే కాబట్టి ఎత్తు లెక్కంతా దీనికే. దాని మీద అడ్డంగా రెండో బోల్టు, అది కొంచెం పైన ఉన్నా నష్టం లేదు, అటువైపు ప్లేటు 40 సెంటీమీటర్లు ఉంది కాబట్టి ఒరగదు. రెండిటికీ లోపల నైలాన్ ఉన్న లాక్ నట్లు వేయండి. మామూలు నట్లు వారానికోసారి వదులైపోతాయి. మధ్యలో నైలాన్ వాషర్ వేస్తే కీచుమనదు.

కర్ర పూర్తిగా పడుకుంటుందో లేదో ఈ దశలోనే చూసుకోండి. మంచం కిందకి పోని మాప్ సగం మాపే.

ప్లేటు అడుగున 5 మిల్లీమీటర్ల ఫోమ్ షీటు అతికించండి. టైల్స్ మధ్య సందులు, ఎత్తుపల్లాలు ఉన్న చోట గుడ్డ ఒంగి ఆనుతుంది. మూలలు గుండ్రంగా తీయండి, లేకపోతే గోడ అడుగున ఉండే స్కర్టింగ్ పట్టీ మీద గీతలు పడతాయి.

కర్ర

నిలబడి కర్రను పక్కన పెట్టుకుంటే గడ్డం దాకా రావాలి. నా ఎత్తు 157 సెంటీమీటర్లు, నా కర్ర 135. అంతకన్నా పొట్టిదైతే వంగక తప్పదు, నడుం నొప్పికి సగం కారణం అదే. ఇంట్లో పొడుగువాళ్లు, పొట్టివాళ్లు ఇద్దరూ తుడిచేట్టయితే పొడుగువాళ్ల కొలతకే చేసి, పొట్టివాళ్లు కొంచెం కింద పట్టుకోవడం మేలు. సైజు మార్చుకునే జారుడు కర్రలు నాకు నచ్చవు. ఆ అతుకు దగ్గర ఎప్పుడూ ఊగుతుంటాయి. పైగా మనం గట్టిగా నొక్కిన రోజే లోపలికి దిగిపోతాయి.

అల్యూమినియం గొట్టం 25 మిల్లీమీటర్ల లావు, 1.2 మిల్లీమీటర్ల మందం సరిపోతుంది. నా పొడవుకు దాదాపు 330 గ్రాములు వస్తుంది. మొదట 19 మిల్లీమీటర్లది వాడాం, మధ్యలో విల్లులా వంగేది. మందం అదే ఉంచి లావు 25కి పెంచితే గట్టితనం రెండింతలు దాటుతుంది, బరువు మూడోవంతు మాత్రమే పెరుగుతుంది. బరువు తగ్గించాలని సన్నది కొంటే చివరికి ఆ వంపును మన మణికట్టే మోయాలి.

పై చివర తప్పకుండా మూయాలి. నేను మొదట్లో అలాగే వదిలేశాను, అరచేతిలో గొట్టం అంచు గుండ్రంగా అచ్చు వేసింది, రెండో రోజుకు బొబ్బ. ఇప్పుడు చెక్క గుండు ఒకటి దిగ్గొట్టాం. తుడిచేటప్పుడు పై చెయ్యి ఆ గుండు మీద ఉంటే చాలు, దాని కింద కర్ర దానంతటదే తిరుగుతుంది. కింది చెయ్యే అటూ ఇటూ నడుపుతుంది.

గుడ్డ కుట్టడం

ఇక్కడ నేను మాట్లాడొచ్చు. 40కి 10 ప్లేటుకు, కుట్టాక గుడ్డ 44కి 14 ఉండాలి, అంటే కుట్టుబడి కలిపి 46కి 16 కత్తిరించండి. చుట్టూ 2 సెంటీమీటర్లు బయటికి ఉంటే ఫర్నిచర్ కాళ్లకు మెత్తగా తగులుతుంది. నేను ఉదారంగా 4 సెంటీమీటర్లు వదిలాను ఒకసారి, ఆ అంచంతా ప్లేటు కిందకి మడతపడి చుట్ట చుట్టుకుంది.

కత్తిరించే ముందు గుడ్డను ఒకసారి ఉతికి ఆరబెట్టండి. దారం పాలిస్టర్‌దే వాడండి. నూలు దారం ఎప్పుడూ తడిలో నానుతుంటే కుళ్లి, పుటుక్కున తెగుతుంది. మైక్రోఫైబర్ సూది కింద జారుతుంది కాబట్టి గుండుసూదులు దగ్గర దగ్గరగా పెట్టి, కుట్టు కొంచెం పొడుగ్గా వేయండి. అంచు ఓవర్‌లాక్ చేయించండి, మూలలు గుండ్రంగా తిప్పండి.

ప్లేటుకు ఎలా పట్టాలన్నది అసలు చిక్కు. వెల్క్రో అందరికీ తోచే ఉపాయం. కుక్క ఒంటికి అంటుకున్న ముళ్లకాయలను చూసి స్విట్జర్లాండ్‌కు చెందిన జార్జ్ ది మెస్ట్రాల్ కనిపెట్టింది, 1955లో పేటెంట్ వచ్చింది. మంచిదే, కానీ నేల మీద వాడితే దాని కొక్కేల నిండా వెంట్రుకలే. మా మూడో మాప్ ప్లేటు అడుగంతా వెల్క్రో వేశాం. రెండు నెలలకు పిన్నీసుతో గంటసేపు కూర్చుని వెంట్రుకలు పీకాను, ఆ తర్వాత కూడా గుడ్డ తుడుస్తుండగానే ఊడిపోయేది.

ఇప్పుడు ఒక చివర జేబు, రెండో చివర పట్టీ. జేబుకు బ్యాగుల నైలాన్ గుడ్డ వాడండి, సాగదు. 8 సెంటీమీటర్ల లోతు చాలు. జేబు రెండు మూలల్లో కుట్టును వేలి గోరంత ఖాళీ వదలండి, నీళ్లు నిలవకుండా కారిపోతాయి. ప్లేటు ఒక కొన జేబులో దూర్చి, గుడ్డను బిగించి లాగి, రెండో కొనలో ఉన్న 5 సెంటీమీటర్ల వెడల్పు పట్టీని ప్లేటు పైకి తిప్పి అక్కడ వెల్క్రోతో అతికిస్తాను. వెల్క్రో పై వైపు ఉంది కాబట్టి నేలకు తగలదు, వెంట్రుకలు పట్టవు. ఎలాస్టిక్ కూడా వేసి చూశాను, కొన్నాళ్లకే సాగిపోయి ముసలిదైపోయింది.

ఇలాంటివి ఆరు కుట్టండి. ఒకటి కాదు, రెండు కాదు, ఆరు. ఎందుకో చెబుతాను.

బకెట్‌ను గదిలోకి తేవద్దు

స్పెయిన్‌లో 1956లో మాన్యుయెల్ హలోన్ అనే ఏరోనాటికల్ ఇంజనీర్ పిండుకునే బకెట్‌తో కలిపి కర్ర మాప్ తీసుకొచ్చాడు. మోకాళ్ల మీద కూర్చుని తుడిచే ఆడవాళ్లను నిలబెట్టిన వస్తువు అది. దాన్ని నేను చిన్నబుచ్చడం లేదు. కానీ బకెట్‌కున్న జబ్బు ఒకటే. మొదటి గది తుడిచి గుడ్డను ముంచగానే ఆ నీళ్లలో మొదటి గది మురికంతా చేరుతుంది. రెండో గదికి దాన్నే పూస్తాం. నమ్మకం లేకపోతే ఒక గది అయ్యాక ఆ నీళ్లు ఒక తెల్ల గిన్నెలో తీసి చూడండి.

నా పద్ధతిలో గుడ్డలను ముందే తడిపి పెట్టుకుంటాను. గదికి ఒకటి. మాసినదాన్ని విప్పి విడిగా ఒక తొట్టిలో వేస్తాను, మళ్లీ నీళ్లలో ముంచేది లేదు. చాలా ఆసుపత్రుల్లో కూడా గది గదికీ గుడ్డ మార్చే పద్ధతే ఉంది. వంటగదికి, బాత్రూమ్ బయట తడికి వేరే రంగు దారంతో అంచు కుట్టుకున్నాను, ఇంట్లో ఎవరు తుడిచినా కలిసిపోకుండా.

ఎంత తడి అన్నది అందాజుగా చెబితే కుదరదని వంటింటి కాటా మీద తూచాను. నా గుడ్డ పొడిగా 80 గ్రాములు. నీళ్లు కారుతున్నప్పుడు 420. చేత్తో గట్టిగా పిండితే 210. వాషింగ్ మెషిన్ స్పిన్‌లో వేసి తీస్తే 150. చేత్తో పిండిన గుడ్డ వాడినప్పుడు గచ్చు ఆరడానికి ఎక్కువ సేపు పట్టి టార్చి వెలుగులో చారలు కనిపించాయి. స్పిన్ వేసినదానితో రెండు మూడు నిమిషాల్లో ఆరింది, చారల్లేవు. మనమనుకున్నంత నీళ్లు అక్కర్లేదు. ఎండిపోయిన మరక ఉంటే దాని మీద మాత్రం చేత్తో కొంచెం నీళ్లు చల్లి, పక్క చోట తుడిచి వచ్చేలోపు నాననివ్వండి.

స్పిన్‌లో ఎక్కువసేపు తిప్పడం కన్నా ఎక్కువ వేగంతో తిప్పడం మేలు. వేగం రెట్టింపైతే నీటిని బయటికి విసిరే బలం నాలుగింతలవుతుంది. కాలితో తొక్కే స్పిన్ బకెట్‌కూ ఇదే లెక్క.

సబ్బు విషయంలో చెయ్యి పొదుపుగా ఉండాలి. నీళ్లలో ఎక్కువ పోస్తే అది గచ్చు మీద పల్చగా జిగురులా మిగిలి, మర్నాడు కొత్త దుమ్మును తనే పిలుచుకుంటుంది. అడుగు పెడితే పాదం అతుక్కున్నట్టుంటే సబ్బు ఎక్కువైందన్నట్టు.

తుడిచేటప్పుడు గది లోపలి గోడ నుంచి మొదలుపెట్టి, వెనక్కి నడుస్తూ, ప్లేటును నేల మీద నుంచి ఎత్తకుండా పడుకున్న ఎనిమిది అంకెలా తిప్పుతూ రావాలి. అలా తిప్పితే ప్లేటులో ఒకే అంచు ఎప్పుడూ ముందుంటుంది, పోగైన చెత్త దాని ముందే ఉండి తలుపు దాకా వస్తుంది. ముందుకూ వెనక్కూ రంపంలా లాగితే ప్రతిసారీ చెత్త వదిలిపోతుంది.

డస్టర్

దీనికి పెద్ద కథ లేదు, కానీ ఒక్క మాట ముందుగా. మాప్ కన్నా ముందు దుమ్ము దులపాలి, ఆ తర్వాత కాసేపు ఆగాలి. నీటి సాంద్రత ఉన్న 10 మైక్రాన్ల రేణువు కదలని గాలిలో రెండు మీటర్లు దిగడానికి పది పన్నెండు నిమిషాలు పడుతుంది. 1 మైక్రాన్‌దైతే గంటకు పన్నెండు సెంటీమీటర్లే దిగుతుంది. దులిపిన వెంటనే తుడిస్తే, మనం వెళ్లిపోయాక అది తీరుబడిగా తుడిచిన గచ్చు మీద వాలుతుంది. అసలు ఎగరగొట్టకుండా పట్టుకునే డస్టర్ ఉంటే ఈ గొడవే తగ్గుతుంది. ఈకల డస్టర్లలో నిప్పుకోడి ఈకలకు సన్నటి నూగు ఉంటుంది కాబట్టి కొంత పట్టుకుంటాయి. గట్టి ఈకలు ఊరికే విసిరేస్తాయి.

నాది ఇలా ఉంటుంది. 25 మిల్లీమీటర్ల వెడల్పు, 3 మిల్లీమీటర్ల మందం, 45 సెంటీమీటర్ల పొడవు అల్యూమినియం పట్టీ. చేత్తో కావలసిన వంపుకు వంగుతుంది, అలాగే నిలబడుతుంది. దానికి మేజోడులా మైక్రోఫైబర్ తొడుగు. బీరువా మీదకి, ఫ్రిజ్ వెనక్కి, సోఫా సందుల్లోకి పోతుంది. పట్టీ కొనను గుండ్రంగా అరగదీసి, పైన ఫోమ్ చుట్టి, ఆ తర్వాతే తొడుగు వేయండి. నేను ఆ ఫోమ్ వేయకుండా టీవీ తుడిచాను. తొడుగు కొనలో కుట్టు వదిలి, పట్టీ అంచు తెర మీద గీత గీసింది. ఇప్పటికీ తెర నల్లగా ఉన్న సీన్లలో అది కనిపిస్తూనే ఉంటుంది, ఇంట్లోవాళ్లు గుర్తు చేస్తూనే ఉంటారు.

పొడి తొడుగును వాడేముందు చేతుల్లో పెట్టుకుని గబగబా రుద్దితే కొద్దిగా స్టాటిక్ (స్థిర విద్యుత్తు) పుట్టి దుమ్మును లాగుతుంది. గాలిలో తేమ ఎక్కువున్న రోజు ఇది పెద్దగా పనిచేయదు. అప్పుడు తొడుగును చాలా కొద్దిగా తడి చేయండి, స్విచ్ బోర్డుల దగ్గర మాత్రం వద్దు.

ఫ్యాన్‌కు ఇంకో పట్టీని హెయిర్‌పిన్నులా వంచాలి. ఆ పిన్ను రెండు కొమ్ముల మధ్య సందు 2 సెంటీమీటర్లు, ఒక్కో కొమ్ము 20 సెంటీమీటర్లు, రెండిటికీ తొడుగులు. రెక్కను మధ్యలోకి తీసుకుని లాగితే పైనా కిందా ఒకేసారి వస్తుంది. ఒకవైపు నుంచే నొక్కితే రెక్క వంగి, తర్వాత ఫ్యాన్ ఊగడం మొదలవుతుంది. ఇది రెండువైపులా పట్టుకుంటుంది కాబట్టి ఆ భయం తక్కువ. ముందు స్విచ్ ఆపండి. సరిగ్గా రెక్క కింద కాకుండా పక్కన నిలబడండి, కళ్లలో పడుతుంది. కర్ర కొత్తది అక్కర్లేదు. మాప్ కర్ర చివర ఉండే ప్లేటు కీలును చేత్తోనే తిప్పే ఒక రెక్కల నట్టుతో (వింగ్ నట్) బిగించేలా చేశాం, దాన్ని విప్పి ఈ హెయిర్‌పిన్ను బిగిస్తే సరిపోతుంది.

ఉతకడం

మైక్రోఫైబర్‌ను నూలు తువ్వాళ్లతో కలిపి ఉతకొద్దు, వాటి నూగంతా దీనికి పడుతుంది. ఫ్యాబ్రిక్ సాఫ్ట్‌నర్ అసలు వద్దు, పోగుల సందులన్నీ పూడ్చేస్తుంది. బ్లీచ్ నైలాన్‌ను తినేస్తుంది. మరిగే నీళ్లు, ఇస్త్రీ కూడా వద్దు. తడిగుడ్డను ప్లేటుకే వదిలేసి మూలన నిలబెడితే మర్నాటికి ముక్కు మూసుకోవాలి. కాబట్టి పని కాగానే విప్పి, ఉతికి, గాలి తగిలేచోట ఆరేయండి. ప్లేటు పైకి ఉండేలా కర్రను కొక్కేనికి తగిలిస్తే ఫోమ్ కూడా ఆరుతుంది.

ఇంకా తేలని పని ఒకటుంది. ప్లేటు మూలలు గుండ్రంగా తీశాం కాబట్టి గది మూలల్లో బొటనవేలంత చోటు తుడుపు పడదు. ప్రస్తుతానికి అక్కడ డస్టర్ పట్టీ కొననే తడిపి రుద్దుతున్నాను. ఒక చివర కోసుగా ఉండే ప్లేటు చేద్దామని తమ్ముడు అట్టముక్క కత్తిరించి తెచ్చాడు. జేబు ఆ కోసుకు ఎలా కుట్టాలా అని దాన్ని మిషన్ పక్కన పెట్టుకుని చూస్తున్నాను.